హాట్ ప్రెస్‌లో పెట్టిన పిండి

జవాబు పత్రాలు చూసుకోవడానికి యూనివర్సిటీ హెల్ప్ రూమ్‌కి వచ్చే విద్యార్థులు రెండు రకాలని లెక్కల ట్యూటర్ దేవమణి ఆరేళ్ళుగా గమనిస్తోంది. మార్కుల కోసం వచ్చేవాళ్ళు ముందు చివరి పేజీ తిప్పుతారు. తప్పెక్కడ జరిగిందో తెలుసుకుందామని వచ్చేవాళ్ళు మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. ఆ మంగళవారం పదకొండు గంటలకు వచ్చిన అమ్మాయి రెండూ చెయ్యలేదు. కట్టలోంచి తీసిచ్చిన పత్రాన్ని తిన్నగా నాలుగో ప్రశ్న దగ్గర తెరిచి, బల్ల మీద దేవమణి వైపు తిప్పి పెట్టింది.

అమ్మాయి పేరు సుధేష్ణ. హనుమకొండ నుంచి సెప్టెంబరులో వచ్చి ఎమ్మెస్సీలో చేరింది. గణిత నమూనాల పేపర్లో వందకి యాభై ఏడు వచ్చాయి. ఆ ఏడాది డబ్లిన్‌లో ఏ కంపెనీ చూసినా మనుషుల్ని తీసుకుంటోంది. యూనివర్సిటీలో ఆ క్లాసు మూడేళ్ళలో రెండింతలై నూట అరవై మూడు మందికి చేరింది. అరవై మార్కులు దాటినవాళ్ళ జాబితాని శుక్రవారం మధ్యాహ్నం ఆ కంపెనీలకి పంపుతారు, ఆర్నెల్ల ప్లేస్‌మెంటు కోసం. ఆ మాట సుధేష్ణ ఎత్తలేదు. యాభై ఏడు అంకె చూడగానే దేవమణికే తట్టింది.

నాలుగో ప్రశ్నకి ఇరవైకి రెండు వచ్చాయి. జవాబు మాత్రం రెండు పేజీల నిండా ఉంది. పైన పెన్సిల్‌తో ఒక బొమ్మ. రెండు ఇనప పలకలు, వాటి నడుమ అణిగిపోయిన పిండి బిళ్ళ, పైనుంచీ కిందనుంచీ వేడి వస్తున్నట్టు బాణాలు. బొమ్మ మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన 'ప్రశ్నకు సంబంధం లేదు' అన్న మాట. ఆ గీతా ఆ మాటా దేవమణివే. డిసెంబరులో ఆ కట్ట దిద్దింది ఆమే.

"మార్కులు కలపమని రాలేదు మేడమ్," అంది సుధేష్ణ. "ఒక్కటి అడుగుదామని వచ్చిన. రొట్టె పిండిని ఓవెన్‌ల పెట్టేముందు హాట్ ప్రెస్‌ల ఎందుకు పెడ్తరు? అణిగిపోతది కదా. ఎగ్జామ్‌ల అయిదు నిమిషాలు అదే ఆలోచించిన. మా ఇంట్ల చపాతీ ప్రెస్ ఉన్నది. అసొంటిదే అనుకున్న."

దేవమణికి నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. హాట్ ప్రెస్ అంటే అలమర అని చెప్పింది. ఐర్లండులో అలమరని ప్రెస్ అంటారని, వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర హాట్ ప్రెస్ అని, అందులో తువ్వాళ్ళు ఆరేస్తారని, పిండి పొంగడానికి పెడతారని వివరించింది. సుధేష్ణ చాలాసేపు తన బొమ్మకేసి చూసుకుంది. తను అయిదుగురితో కలిసి అద్దెకుంటున్న కొత్త ఫ్లాట్‌లో అలాంటి అలమర లేదంది. ఎవరి ఇంట్లోనూ చూడలేదంది. ఎవరి ఇంటికీ పోలేదని, ఎవరూ పిలవలేదని, అది ఫిర్యాదు కాదన్నట్టు చెప్పింది.

తర్వాత సంచీ భుజాన వేసుకుని, "ప్రశ్నల వేడి ముప్పై ఆరు డిగ్రీలే ఎందుకిచ్చిన్రో ఇప్పుడు సమజైంది," అని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

దేవమణి ఆ రెండు పేజీలూ మళ్ళీ చదివింది. పిండి ఎంతసేపట్లో వేడెక్కుతుందన్నది ప్రశ్న. వేడి ఎటునుంచి వస్తుందో విద్యార్థే తేల్చుకుని, దాన్నిబట్టి సమీకరణం రాయాలి. అలమర అనుకున్నవాళ్ళకి వేడి గాలి చుట్టూ ఉంటుంది. నాలుగు పంక్తుల్లో తేలిపోతుంది, జవాబు యాభై ఒక్క నిమిషాలు. ఈ పిల్ల పలకలనుకుంది కాబట్టి వేడి బిళ్ళ మందంలోంచి లోపలికి ఎలా పాకుతుందో లెక్క కట్టింది. అడిగినదానికంటే కష్టమైన లెక్క అది. చివరి దాకా ఎక్కడా తప్పు లేదు.

ఫర్గల్ ఇలాంటి మాట పెడతాడా అనుకుంది. ఆ పేపరు రాసిన లెక్చరర్ ఫర్గల్, స్లైగో ఊరి మనిషి, చెడ్డవాడు కాడు. కానీ క్లాసులో సగం మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళని తెలిసీ, వాళ్ళమ్మ వంటింట్లో మాట తెచ్చి ఇరవై మార్కుల ప్రశ్నలో పెట్టడమేమిటి. దేవమణికి ఒళ్ళు మండింది. చీరాలలో ఎనిమిదేళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి ఆమె. పిల్లవాడికి రాక తప్పితే ఊరుకుంటుంది గాని, ప్రశ్న అర్థంకాక తప్పితే ఊరుకునే అలవాటు లేదు.

సాయంత్రం కిల్కెన్నీ బస్సులో ఇంటికొచ్చాక వంట చేస్తూ ఆ సంగతి భర్తతో చెప్పింది. కృపారావు అక్కడి ఆసుపత్రిలో నర్సు. చెమ్మగా ఉన్న యూనిఫాం చొక్కాకి హ్యాంగరు తగిలిస్తూ విని, తన మొదటి ఏడాది ముచ్చట చెప్పాడు. వార్డులో ఒక పెద్దాయన తన కళ్ళజోడు ప్రెస్‌లో ఉందంటే, పేపరువాళ్ళు వచ్చి ఆయన కళ్ళజోడు ఎందుకు పట్టుకెళ్ళారో అర్థంకాక సిస్టర్‌ని పిలుచుకొచ్చాడట. పదేళ్ళ కూతురు అబిగేయిల్ హోంవర్కు లోంచి తలెత్తి, "దట్స్ సో ఎంబరాసింగ్, డాడీ," అంది. తెలుగులో ఏం చెప్పినా ఆ పిల్ల జవాబు కిల్కెన్నీ యాస ఇంగ్లీషులోనే వస్తుంది.

"ఆ పేపరు పరీక్షకి ముందు ఎవరూ చూడరా?" అని అడిగాడు కృపారావు.

"చూస్తారు. ఈ పేపరు ఎవరు చూశారో."

"నువ్వు చూళ్ళేదు కదా?"

"నేను చూసుంటే ఆ మాట దాటేదా?" అంది దేవమణి, కూరలో గరిటె తిప్పుతూ.

బుధవారం హెల్ప్ రూమ్‌లో ఆమెకి మధ్యాహ్నం దాకా పని లేదు. నూట అరవై మూడు పత్రాల్నీ తెచ్చి, నాలుగు బల్లలు జరిపి, ఒక్కొక్కటీ నాలుగో ప్రశ్న దగ్గర తెరుస్తూ పేర్చింది. అలమర అనుకున్నవాళ్ళు కిటికీ వైపు, కానివాళ్ళు తలుపు వైపు. మొదటి గంటలోనే తలుపు వైపు దొంతర బెత్తెడు ఎత్తు లేచింది. ఒకరు ఇస్త్రీపెట్టె గీశారు. ఒకరు శాండ్‌విచ్ కాల్చే పెట్టె గీశారు. లేగోస్ నుంచి వచ్చిన కుర్రాడు పెద్ద రోలర్లు గీసి, పిండి వాటి మధ్యనుంచి ఎంత వేగంతో పోతుందో చెప్పలేదు కాబట్టి దాన్ని వి అనుకుంటున్నానని మర్యాదగా రాశాడు. ఇంకొకరు 'హాట్ ప్రెస్ అంటే నాకు తెలియదు, క్షమించాలి, ఓవెన్ అనుకుంటున్నాను' అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ ఒక్కరికి మాత్రం డిసెంబరులో దేవమణి పదిహేను వేసింది. ఓవెన్‌లోనూ గాలే ఉంటుంది కాబట్టి.

ఒంటిగంటకి లెక్క తేలింది. మాట తప్పుగా అర్థం చేసుకుని మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు నలభై ఒక్కరు. వాళ్ళలో ఐర్లండులో బడి చదువు చదివినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ నలభై ఒకటీ ఆమె మళ్ళీ దిద్దింది. జాలితో కాదు. ప్రతి పత్రానికీ వేరే కాగితం తీసి, ఈ పిల్లవాడు ఏ వస్తువు అనుకున్నాడు, ఆ వస్తువుకి ఈ సమీకరణం సరిపోతుందా, లెక్క చివరి దాకా నడిచిందా అని మూడు గళ్ళు గీసి రాసుకుంది. రోలర్ల కుర్రాడికి పద్నాలుగు. సుధేష్ణకి పదిహేడు. ఎనిమిది మందికి ఒక్క మార్కు కూడా పెరగలేదు. ఏ ప్రెస్ అనుకున్నా వాళ్ళ లెక్క లెక్క కాదు. మిగతా ముప్పై ముగ్గురికీ పెరిగాయి. అందులో పన్నెండు మంది అరవై దాటారు, ముగ్గురు తప్పినవాళ్ళు పాసయ్యారు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆ కట్టని పురికొసతో కట్టి, చంకలో పెట్టుకుని, ఫర్గల్ గది తలుపు తట్టింది.

ఫర్గల్ అప్పుడే వచ్చినట్టున్నాడు, సైకిల్ హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది. దేవమణి బస్సులో కూర్చి పెట్టుకున్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పింది. పరీక్ష పెట్టింది లెక్కల్లోనా, ఇక్కడి ఇళ్ళల్లోనా అని అడిగింది. సుధేష్ణ బొమ్మ చూపించింది. ఇస్త్రీపెట్టె, రోలర్లు చూపించింది. ఫర్గల్ ముఖం చెవులదాకా ఎర్రబడింది. ఒక్క మాటకీ అడ్డు రాలేదు. వాళ్ళమ్మ ప్రతి ఆదివారం పిండి గిన్నె మీద గుడ్డ కప్పి హాట్ ప్రెస్‌లో పెట్టేదని, దానికి ఇంకో పేరుంటుందని తనకి ఎప్పుడూ తట్టలేదని ఒప్పుకున్నాడు.

"కానీ ఎవరో చూడాలి కదా ఇలాంటివి," అంది దేవమణి. "దీన్ని ఎవరు చదివారు?"

ఫర్గల్ హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. గడ్డం గోక్కున్నాడు. "నువ్వే, దేవమణీ," అన్నాడు మెల్లిగా. "గుర్తుందనుకున్నాను."

అతను కంప్యూటర్‌లో వెతికి, తెరని ఆమె వైపు తిప్పాడు. అక్టోబరు పంతొమ్మిదిన అతను ఆమెకి రాసిన ఈమెయిల్ అది. ఈ పేపరు బయటి దేశాల పిల్లలు చదివినట్టు చదివి పెట్టమని, వాళ్ళని తికమక పెట్టే మాటలుంటే చెప్పమని, ఈ పని డిపార్టుమెంటులో నీకంటే బాగా ఎవరూ చెయ్యలేరని ఉంది. కింద దేవమణి జవాబు. రెండో ప్రశ్నలో జంపర్ అన్నచోట స్వెటర్ అని మార్చమంది. మిగతాదంతా గ్రాండ్, అని రాసింది, బాగుందనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటతోనే.

దేవమణి ఆ మాట రెండుసార్లు చదివింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం కిల్కెన్నీ బస్సులో నాలుగు పేపర్లు ఒళ్ళో పెట్టుకుని చదివింది. బస్సులో వెనక సీటులో ఎవరో చిప్స్ తింటున్నారు. నాలుగో ప్రశ్న బాగుందనుకుంది కూడా. పిండి, అలమర, గిన్నె, చక్కగా కళ్ళముందు కనబడిందనుకుంది.

పరిచిన పత్రాల్ని మళ్ళీ కట్టగా చేర్చి కుర్చీలో పెట్టింది. కూర్చోలేదు.

ఫర్గల్ తలుపు దగ్గరగా వేశాడు. పరీక్షల బోర్డు ఈ పేపరు మార్కుల్ని పోయిన వారమే ఖాయం చేసిందని, మళ్ళీ తెరవాలంటే రేపు పొద్దున బోర్డుకి రిపోర్టు ఇవ్వాలని, తప్పు ఎలా దాటిపోయిందో అందులో రాయాల్సి ఉంటుందని చెప్పాడు. పరిశీలించినవారు అన్న గడిలో ఆమె సంతకం ఉంది. ఆరేళ్ళుగా గంటల లెక్కన పనిచేస్తున్న దేవమణికి పూర్తికాలం ట్యూటర్ ఉద్యోగం ఇంటర్వ్యూ మరో రెండు వారాల్లో ఉంది. బోర్డుకి పెద్ద ప్రొఫెసర్ నోరా, ఇంటర్వ్యూకీ ఆమే పెద్ద. ఇవన్నీ ఫర్గల్ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చెప్పలేదు గాని, దేవమణికి లెక్కలు వచ్చు.

అడిగినవాళ్ళకే మళ్ళీ దిద్దే దారి కూడా ఉందని అతను అన్నాడు. అడిగింది ఒక్క అమ్మాయే. ఒక కాగితం, తన సంతకం, సాయంత్రానికి అయిపోతుంది. అందరివీ దిద్దాల్సిందేనంటే, రిపోర్టులో తప్పు తనదేనని రాస్తానన్నాడు. పేపరు తనది, మాట తనది.

దేవమణి కారిడార్‌లోకి వెళ్ళి, కుళాయి దగ్గర నీళ్ళు తాగి వచ్చింది. ఆ కాసేపటిలో ఆమె ఆలోచించింది ఉద్యోగం గురించి కాదు. డిసెంబరులో ఆ బొమ్మల్ని తను చూసింది. నలభై ఒక్క బొమ్మలు, ఇస్త్రీపెట్టెలు, పలకలు, రోలర్లు. ఒక్కదాని దగ్గర కూడా చెయ్యి ఆగలేదు. చీరాలలో అయితే రెండో బొమ్మ దగ్గరే పెన్ను మూసి, ప్రశ్న మళ్ళీ చదివేది.

"మాట మీది," అంది తిరిగి వచ్చి. "సంతకం నాది. నా సంతకం ఉన్నచోట మీ పేరెందుకు? రిపోర్టు నేను రాస్తాను. మీ వంతు మీరు రాయండి."

శుక్రవారం ఎనిమిదిన్నరకి బోర్డు కూర్చుంది. అయిదుగురు మనుషులు, ఒక పొడుగాటి బల్ల, టీ ఫ్లాస్కు. దేవమణి నీలం చీర మీద కోటు వేసుకుని వెళ్ళింది. ముఖ్యమైన పనుంటే ఆమె చీరే కడుతుంది. రిపోర్టు ఒక పేజీ. ఎంతమంది, ఏ మార్కులు, ఎలా దిద్దారు, చివర తన వాక్యం: ఈ పేపరులోని భాషను పరీక్షకు ముందు పరిశీలించింది నేను, ఆ మాట నా కంటికి ఆనలేదు.

తెల్లజుట్టు ప్రొఫెసర్ ఒకాయన, ఇక్కడ చదవడానికి వచ్చినవాళ్ళు ఇక్కడి మాటలు నేర్చుకోవద్దా అన్నాడు. గొంతులో వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగాడు.

"నేర్చుకుంటారు," అంది దేవమణి. "నేనూ నేర్చుకున్నాను. కానీ ఈ పరీక్ష వాటికి పెట్టింది కాదు."

నోరా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తక్కువ మాట్లాడే మనిషి. ఇంత బాగా దిద్దిన మనిషికి అక్టోబరులో ఎలా తప్పిపోయిందని అడిగింది.

"నాకది పరాయి మాట అనిపించలేదు," అంది దేవమణి. "పదకొండేళ్ళయింది వచ్చి. నన్ను బయటి నుంచి వచ్చినదానిలా చదవమన్నారు. నేను అలాగే చదువుతున్నాననుకున్నాను. కానీ ఎప్పుడో లోపలికి వచ్చేశాను. ఇకమీదట ఆ పని నాకివ్వకండి. ఆ ఏడాదే వచ్చినవాళ్ళకివ్వండి."

ఫర్గల్ కిటికీ వైపు చూస్తున్నాడు. నోరా కళ్ళజోడు తిరిగి పెట్టుకుని, నలభై ఒక్క పేర్ల జాబితా కింద సంతకం చేసి, పక్కవాళ్ళకి జరిపింది. పదకొండింటికి కొత్త మార్కులు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. పన్నెండు పేర్లు కలిపిన జాబితా మధ్యాహ్నం డబ్లిన్ వెళ్ళింది.

ఉద్యోగం సంగతి మార్చిలో తేలింది, ఆమెకే వచ్చింది. ఇంటర్వ్యూలో నోరా ఆ పేపరు ఊసే ఎత్తలేదు. కానీ దేవమణి ఎవరికైనా చెప్పుకునేది ఆ ఉద్యోగం కబురు కాదు, ఆ శుక్రవారం మూడింటికి హెల్ప్ రూమ్‌లో జరిగింది.

సుధేష్ణ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి డెబ్బై రెండు అంది, ఎవరో అంకె తప్పు వేశారేమో చూడమన్నట్టు. దేవమణి కూర్చోమంది. మార్కులు దానం కాదని, తన లెక్కకి వచ్చినవేనని, తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని చెప్పింది. ఆ తర్వాత అసలు మాట కూడా చెప్పింది. పరీక్షకి ముందు ఆ పేపరు చదివి బాగుందన్నది తనేనని.

సుధేష్ణ ముఖంలో సంతోషం ఆగింది.

"మంగళవారం ఇక్కడ ఇంకో సార్ కూడా ఉండె మేడమ్," అంది. "మీరు మనోళ్ళు, మీకు తెలుస్తదని మీ దగ్గరికి వచ్చిన."

"తెలియడం వల్లే వచ్చిందమ్మా పొరపాటు," అంది దేవమణి. "నీకు తెలియనిది ఏదో నాకు కనబడ్డం మానేసింది."

ఆ పిల్ల అది నమ్మిందో లేదో తెలియలేదు. దేవమణి నమ్మమని అడగలేదు. సొరుగులోంచి మార్చి నెల పరీక్ష పేపరు చిత్తుప్రతి తీసి ముందు పెట్టింది. అది మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ పిల్లలది, సుధేష్ణ రాసేది కాదు. ఈ పనికి డిపార్టుమెంటు ఇకనుంచి జీతమిస్తుందని, పొద్దునే ఒప్పించానని చెప్పి, చదివి తెలియని మాట కింద గీత గియ్యమంది. ఊహించి అర్థం చేసుకోవద్దంది. ఊహించాల్సి వచ్చిందంటే గీత పడాల్సిందేనంది.

సుధేష్ణ పెన్ను తీసుకుంది. మొదటి పేజీలో నెమ్మదిగా, మొహమాటంగా రెండు గీతలు పడ్డాయి. బొరీన్. సైలేజ్. దేవమణికి రెండూ తెలుసు. బొరీన్ అంటే వాళ్ళ ఇంటి వెనక పొలాలకి పోయే సందే. సైలేజ్ అంటే పశువుల కోసం పులియబెట్టి దాచే గడ్డి. నోరు తెరిచి, మూసుకుంది. రెండో పేజీలో గీతలకి వేగం వచ్చింది. మూడో పేజీలో పెన్ను ఒకచోట ఆగి, అక్కడే ఉండిపోయింది.

"స్లి... స్లియోటార్," అని కూడబలుక్కుని చదివింది సుధేష్ణ. "ఇది మనిషి పేరా మేడమ్?"

"ఎందుకలా అనుకున్నావు?"

"నేల మీదికెళ్ళి నలభై డిగ్రీల కోణంల కొట్టిన్రు అని ఉన్నది. ఎంత దూరం పోయి పడ్డడో కనుక్కోమన్నరు. పాపం, ఏం చేసిండని?"

దేవమణికి ఈసారి నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. సుధేష్ణ మొదట బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది, ఎందుకో తెలియకుండానే.

"ఈ ప్రశ్న గూడ ఫర్గల్ సారే రాసిన్రా?"

"కాదు. నేను రాశాను."

సుధేష్ణ గభాల్న పెన్ను పైకి లేపింది. అప్పటికే గీసిన సగం గీత మీద వేలు పెట్టి, దాన్నేం చెయ్యాలో తోచనట్టు చూసింది. స్లియోటార్ అంటే కిల్కెన్నీలో కర్రలతో హర్లింగ్ ఆట ఆడే బంతని, అది కిటికీలు పగలగొడుతూనే ఉంటుందని, అబిగేయిల్ సంచీలో ఎప్పుడూ ఒకటి దొర్లుతుందని, ఆ ప్రశ్న రాసినప్పుడు ఎంత ముచ్చటపడిందో దేవమణి చెప్పబోయింది. చెప్పలేదు. కుర్చీ జరుపుకుని ఆ పిల్ల పక్కకి వచ్చి కూర్చుంది.

"గీత సగంలో ఆపకూడదు," అంది. "పూర్తిగా గియ్యి."

సుధేష్ణ గీసింది. దేవమణి తన పెన్ను తీసి, ఆ మాట కొట్టేసి, పైన 'బంతి' అని అర్థమొచ్చే మామూలు మాట రాసింది. ప్రశ్న మొత్తం ఒకసారి చదువుకుంది. లెక్క ఏమీ మారలేదు.

"తర్వాతది చదువు," అంది.